ఎర్ర చుక్క కుళాయి

అయినా ఎర్ర చుక్క అంటే వేడి అని తీర్మానించినవాళ్లెవరు, వాళ్లు జూన్ నెలలో ఒక్కసారైనా మస్కట్‌లో తలస్నానం చేశారా అని ఆఫీసు వ్యాన్‌లో కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాను. వాదీ కబీర్ కొండలు గడ్డిపరక లేని ఒంటితో కిటికీ వెంట నడుస్తున్నాయి. ఇక్కడ వేసవిలో మేడ మీద ట్యాంకు పొద్దున్నుంచీ ఉడుకుతుంది. నీలం చుక్క కుళాయి తిప్పితే టీ కాచుకునే నీళ్లు వస్తాయి. అందుకని ఏప్రిల్ రాగానే అందరం గీజర్ ఆపేస్తాం. అది బాత్‌రూమ్ కప్పు కింద ఏసీ చల్లదనంలో ఉంటుంది కదా, అందులో నిలిచిన నీళ్లు మెల్లగా చల్లబడతాయి. ఇక అక్టోబరు దాకా ఎర్ర చుక్క చల్లన, నీలం చుక్క వేడి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. కొత్తగా వచ్చిన అద్దెవాళ్లకు కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో చెప్పినట్టే పక్కింటివాళ్లు ఇదీ చెబుతారు.

గీజర్‌లో పట్టేది యాభై లీటర్లు. ఇద్దరి స్నానానికి సరి. తర్వాత గంట ఆగాలి. మా ఇంట్లో ముందు అత్తయ్య, తర్వాత మా అమ్మాయి రిషిత, తర్వాత మా ఆయన, చివర నేను. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎవరు ఎప్పుడు తినాలో కూడా ఆ యాభై లీటర్లే నిర్ణయించేవి.

మా అత్తగారు గురవమ్మ ఈ ఇంట్లో తొమ్మిది వేసవులు గడిపారు. ఆవిడ చెయ్యి చూడకుండానే ఎర్ర చుక్క మీదికి పోతుంది. ‘చూడకుండానే’ అన్న మాట దగ్గర నా ఆలోచన ప్రతిసారీ తట్టుకుని ఆగుతుంది. తర్వాత ఆవిడ మీద నేరం మోపడానికి పనికొచ్చింది ఆ మాటే.

నేను భవనాల నిర్వహణ చూసే ఒక కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మేముండే భవనం కూడా ఆ కంపెనీదే, ఫ్లాటు నా ఉద్యోగంతో వచ్చింది. ఇళ్లవాళ్లు ఫోన్‌లోని యాప్‌లో ఫిర్యాదు చేస్తే వాళ్లకు కనిపించే మాటలన్నీ నేను రాసినవే. ఏ గడి నొక్కాలి, నొక్కితే ఏ జవాబు వస్తుంది, ప్లంబరు వచ్చి వెళ్లాక తన ఫోన్‌లో ఏం గుర్తు పెట్టాలి, అంతా నా చేతి పనే. కోపానికి ఒక గడి చూపిస్తే సగం కోపం అక్కడే చల్లారుతుందని నేను నమ్మేదాన్ని. ‘ఇతర కారణం’ అనే గడి మొదట్లో ఉండేది. దాన్ని తీయించింది కూడా నేనే. "ఇతరం అని పెడితే అందరూ అదే నొక్కుతారు" అని మీటింగులో అంటే అందరూ నవ్వారు. నలభై ఎనిమిది గంటల్లో ఇంటివాళ్లు ఏమీ అనకపోతే ఫిర్యాదు తనంతట తానే మూసుకుపోయే ఏర్పాటు కూడా నా ఆలోచనే. మాట్లాడనివాళ్లు తృప్తిపడ్డట్టే అని అప్పుడు అన్నాను. ఎవరూ కాదనలేదు. నా సిద్ధాంతం ప్రకారం వాళ్లూ తృప్తిపడ్డట్టే.

మే నెలలో భవనమంతా కొత్త గీజర్లు బిగించారు. వాటికి స్విచ్ లేదు, ఆఫీసు నుంచే నడుస్తాయి. ఏడాది పొడవునా అరవై డిగ్రీలు. నీళ్లలో క్రిములు పెరగకుండా అన్నారు. దానికి ప్రకటన రాయమంటే పది నిమిషాల్లో రాసిచ్చాను. "మీ ఆరోగ్యం కోసం, మీ సౌకర్యం కోసం, ఇకపై రోజంతా, ఏడాదంతా వేడినీళ్లు." అందరి ఫోన్లలో చిన్న గంట మోగింది. అత్తయ్యకు ఉన్నది బటన్ల ఫోను. అందులో ఏ గంటా మోగలేదు.

ఆ పొద్దున ఎర్ర చుక్క కుళాయి కింద చల్లగా స్నానం చేసి వెళ్లిన మనిషినే నేను. రాసే నేను, స్నానం చేసే నేను ఆ పది నిమిషాల్లో ఎందుకు ఎదురుపడలేదో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

గీజర్లకు ప్రాణం పోసింది జూన్ రెండో మంగళవారం. అంతవరకూ అవి పాత వాటిలాగే ఊరికే ఉన్నాయి గనక ఎవరికీ తేడా తెలియలేదు. పదకొండు గంటలకు రిషిత ఫోన్ చేసింది. స్కూలుకు సెలవులిచ్చి వారమైంది.

"అమ్మా, నాన్నమ్మ చెయ్యి కాలిపోయింది. ఎర్ర ట్యాప్‌లో మరిగే నీళ్లు వస్తున్నాయి."

"వెంటనే చన్నీళ్ల కింద పెట్టించు."

"ఏ నీళ్ల కింద అమ్మా? రెండూ కాలుతున్నాయి!"

ఫ్రిజ్‌లోని సీసాలన్నీ ఒక గిన్నెలో వంపి చెయ్యి అందులో ముంచమన్నాను. వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "పచ్చడికని తీసిన మామిడికాయ ముక్కలు బయటే ఉన్నాయ్, ముందవి లోపలెట్టవే."

నేను ఇల్లు చేరేసరికి కుడి చెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. క్లినిక్‌లో మందు రాసి తెల్లటి కట్టు కట్టారు. తిరిగొచ్చే దారిలో రిషిత నా ఫోన్ తీసుకుని ఫిర్యాదు పెట్టబోయింది.

"వేడినీళ్లు రావడం లేదు, వేడినీళ్లు చాలడం లేదు, లీకవుతోంది, శబ్దం వస్తోంది... అంతే ఉన్నాయమ్మా. వేడినీళ్లు వస్తున్నాయి అని లేదు. ఏది నొక్కను?"

"లీకవుతోంది నొక్కు" అన్నాను.

"అబద్ధం కదా?"

నొక్కమన్నాను కదా అని విసుక్కున్నాను. నొక్కింది. క్షణంలో నా ఫోన్‌కు నా మాటలే వచ్చి చేరాయి. ‘ప్రియమైన దమయంతీ, మీ ఇబ్బంది మాకు అర్థమైంది.’ ఆ వాక్యం రాయడానికి ఒక రోజంతా పట్టిందని గుర్తు. ‘తెలిసింది’ బదులు ‘అర్థమైంది’ అని మార్చి, ఎంత బాగుందో అనుకున్నాను.

మర్నాడు ప్లంబర్ లింబాద్రి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. ఆఫీసు మేడమ్ ఇల్లని చెప్పులు గుమ్మానికి నాలుగడుగుల అవతలే విడిచాడు. నిచ్చెనెక్కి చూసి దిగాడు.

"గీజర్ మంచిగనే ఉన్నది మేడమ్. అరవై ఉండాల్నన్నరు, అరవై ఉన్నది."

"మంచిగా ఉంటే చెయ్యెందుకు కాలింది లింబాద్రిగారూ?"

"అరవై ఉన్నందుకే కాలింది."

హాల్లో కుర్చీలో కూర్చున్న అత్తయ్య ఫక్కున నవ్వారు. "ఇన్నాళ్లకి తెలివైన మనిషి వచ్చాడమ్మా. నాయనా, ఆ పెట్టెకి స్విచ్చేదీ? నేను గోడంతా తడిమాను."

"స్విచ్ లేదవ్వా. ఆఫీసుల ఉంటది."

"ఆఫీసులోనా! పొయ్యి మా ఇంట్లో, మీట ఆఫీసులోనా!" అత్తయ్య కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించారు. "సామర్లకోటలో పాతికేళ్లు పిండిమర ఆడించాను. మా ఆయన పోయాక కూడా నేనే ఆడించాను. స్విచ్చి గోడకి పెడతామన్నారు కరెంటోళ్లు. కుదరదన్నాను. తొట్టి పక్కనే పెట్టించాను. లోపల చెయ్యి ఎవరిదుంటే ఆపే మీట వాళ్లకి అందాల. మరలు చేసేవోళ్లకి ఆ మాత్రం తెలవదా?"

"తెల్వదవ్వా, వాళ్లు చెయ్యి పెట్టరు గద" అన్నాడు లింబాద్రి. "ఎండకాలం అందరు ఎర్ర నల్లనే తిప్పుతరు. ఎవలకు ఎరుకలేదది? మా లేబర్ క్యాంపుల గీజర్లే లేవు. పొద్దుగాల్నే బకీట్లు నింపి మంచాల కింద పెట్టుకుంటం. డ్యూటీ నుంచి వచ్చినంక గవే పోసుకుంటం."

"మరి అదే రాయండి. నీళ్ల పద్ధతి మారింది, ఇంటివాళ్లకు తెలియదు, చెయ్యి కాలింది అని" అన్నాను.

అతను జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "ఏడ రాయాలె మేడమ్? రాసే జాగ లేదు. మూడే ఉన్నయ్. బాగు జేసిన అంటే అబద్ధం, అది ఖరాబే గాలేదు. పార్ట్ మార్చిన అంటే ఏ పార్ట్ అని స్టోర్ల అడుగుతరు. ఇగ మిగిలింది గిదే."

‘వాడేవారి పొరపాటు.’ ఆ మూడో గడి మీద అతని బొటనవేలు ఆగి ఉంది.

"ఏదో ఒకటి ఒత్తకపోతే ఫోన్ నన్ను ఇంకో ఇంటికి పోనియ్యదు. మూడో అంతస్తుల చిన్నపోరి వీపు పొక్కింది. పైన ఒకాయన కాలు. అన్నిటికి గిదే ఒత్తిన." అతను అత్తయ్య వైపు చూడకుండా నొక్కాడు. "ఏమనుకోకు అవ్వా."

"నీదేముందిలే నాయనా. మజ్జిగ తాగి వెళ్లు."

ఆ మూడు గడులూ ఎవరు పెట్టారో అతనికి తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను. మజ్జిగలో ఉప్పు వేయనా అని మాత్రం అడిగాను.

సాయంత్రం మా ఆయన నా ఫోన్ తీసుకుని చదివారు. ఆయన పేరు వీరబ్రహ్మం, ఓడల సామాను చూసే కంపెనీలో ఇంజనీరు. పనిముట్లను ప్రేమించే మనిషి, పెద్దగా కోప్పడరు. "వాడేవారి పొరపాటు అని రాశారు" అని, ఫోన్ నాకిచ్చి, "నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నారు.

"ఏమనుకుంటున్నారు?"

"అమ్మకి ఈమధ్య మతి కుదురుగా ఉండటం లేదు. మొన్న కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టింది. రిషితని రాజేశ్వరీ అని పిలుస్తోంది."

రాజేశ్వరి ఆయన చెల్లెలు. నేను కూడా ఒకసారి మా మేనేజర్‌ని నాన్నా అని పిలిచాను, నన్నెవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. అయితే ఒక పేరు దొరికితే మనిషికి ఎంత హాయిగా ఉంటుందో ఆ సాయంత్రం ఆయన ముఖంలో చూశాను. కారణం అక్కర్లేదు, పేరు చాలు. పేరు పడగానే ఎన్నడో మరిచిపోయిన చిన్నచిన్న సంగతులన్నీ లేచి దాని వెనక వరసగా నిలబడ్డాయి. నా గడి పనిచేసే తీరు అదే. అది మా ఇంట్లో అంత చక్కగా పనిచేస్తుందని ఊహించలేదు.

"గీజర్ మార్చింది మా కంపెనీ. ఆవిడ తొమ్మిదేళ్లుగా తిప్పే కుళాయే తిప్పారు."

"చూసి తిప్పాలి కదా దమయంతీ. చూడకుండా తిప్పితే?"

‘మీ సమస్య పరిష్కారమైందా?’ అని ఫోన్ అడుగుతోంది. కింద రెండు గడులు. అప్పుడు నేను మొదటిసారి ‘నో’ నొక్కాను. కోపంతో నొక్కానంతే, ఇంకేమీ ఆలోచించలేదు.

ఆ వారాంతం ఆయన రూవి బజారు నుంచి చిన్న కెమెరా ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు. వంటింట్లో ఎవరు కదిలినా ఆయన ఫోన్‌కు కబురు వెళుతుంది. రెండు రోజుల్లో నూట ఇరవై కబుర్లు. అందులో నలభై ఫ్యాన్ గాలికి ఊగిన క్యాలెండరువి. మూడో రోజు అత్తయ్య దాని మీద మసిగుడ్డ కప్పారు.

"అమ్మా, అది నీ మంచికే" అన్నారు ఆయన.

"అది నన్ను చూస్తే నాకేం లేదురా బెమ్మం. నేను దాన్ని ఏమీ అడగలేకపోతున్నాను. ఎవురు ఇంటికొచ్చినా పలకరిస్తే పలకాల."

మర్నాటి నుంచి ఆయన గ్యాసు పొయ్యి మీటలు నాలుగూ పీకి, ప్యాంటు జేబులో వేసుకుని ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టారు. పొద్దున్నే నేను వండి పెట్టినదాన్ని మైక్రోవేవ్‌లో రిషిత వేడి చేసి పెట్టాలి. అత్తయ్య ఖాళీ పొయ్యి ముందు నిలబడి, మీటలు పోగా మిగిలిన ఇనప పుల్లల వంక చూసి, "అమ్మాయ్, మన పొయ్యి మీటలు కూడా ఆఫీసుకెళ్లిపోయాయే" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేకపోయాను.

నా మొదటి ‘నో’ వల్ల ఫిర్యాదు మళ్లీ తెరుచుకుంది. లింబాద్రి మళ్లీ వచ్చాడు, మళ్లీ నిచ్చెనెక్కాడు, మళ్లీ అదే గడి నొక్కి, ఈసారి మజ్జిగ తాగకుండా వెళ్లాడు. ఇక్బాల్ నన్ను తన గదికి పిలిచాడు. హైదరాబాదు టోలీచౌకీ మనిషి, నాకు పైఅధికారి. మంచివాడు. ఇలా అనడం నాకు అలవాటు. ఎవరి గురించి చెప్పినా ముందు ‘మంచివాడు’ అనేసి, ఆ తర్వాత వాళ్లకు అనుకూలంగా నడుచుకుంటాను.

"దమయంతి మేడమ్, మీ ఇంటి కంప్లైంట్ మీరే మళ్లీ తెరిస్తే ఎట్ల? స్టాఫే ఇట్ల చేస్తే బయటోళ్లకు ఏం చెప్తాం?"

"మా అత్తగారి చెయ్యి కాలింది."

"అల్లా చల్లగ చూడాలె ఆమెను. కాని గీజర్ ఖరాబ్ కాలే. వేడినీళ్ల నల్ల నుంచి వేడినీళ్లు వచ్చినయ్. దాంట్ల కంప్లైంటేముంది?"

"ఇక్బాల్ భాయ్, మీ ఇంట్లో ఎండాకాలం ఏ నల్ల తిప్పుతారు?"

అతను నా వైపు చూసి, కంప్యూటర్ వైపు చూసి, నవ్వాడు. "ఎర్రదే" అన్నాడు. "పోయినవారం మా బేగం కూడ కెవ్వుమన్నది. ఏం చేస్తం? బకీట్లు పెట్టుకున్నం. నేను కంప్లైంట్ రాసిన్నా?"

రాయలేదు. నా బల్ల దగ్గరికొచ్చి, ఆ జూన్‌లో మూసుకుపోయిన ఫిర్యాదుల పట్టీ తెరిచాను. లీకవుతోంది, శబ్దం వస్తోంది, వేడినీళ్లు చాలడం లేదు అని నానారకాల అబద్ధాలు నొక్కినవాళ్లు పందొమ్మిది మంది. పందొమ్మిదింటికీ వాడేవారి పొరపాటు. వాళ్లలో ఇద్దరు ఒకసారి ‘నో’ అన్నారు. రెండోసారి ఎవరూ అనలేదు. నలభై ఎనిమిది గంటలు గడిచిపోయాయి, తలుపులు మూసుకున్నాయి. ఆ పట్టీలో ఎవరి గొంతూ వినిపించదు. వినిపించకుండా కట్టిన గోడ అది, నేనే తాపీ పట్టుకుని కట్టాను.

ఆ మధ్యాహ్నం రెండోసారి ‘నో’ నొక్కాను. ఇది కోపంతో నొక్కింది కాదు.

మూడుసార్లు ‘నో’ అంటే ఏమవుతుందో ఆ కంపెనీలో నాకూ ఇక్బాల్‌కూ మాత్రమే గుర్తుంది. అప్పుడు గడులన్నీ పోయి ఒక ఖాళీ జాగా తెరుచుకుంటుంది. ఇంటివాళ్లు తమ మాటల్లో రాయవచ్చు. ఆ రాసినదాన్ని ఎవరూ మార్చలేరు, మూయలేరు. ఒక ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి, దాని కింద తన పేరుతో జవాబు రాయాలి. ఆ ఇంటి పేరున నమోదైన ఫోన్లన్నిటికీ దాని నకలు వెళుతుంది. నియమాల ప్రకారం ఎక్కడో ఒకచోట అలాంటిది ఉండాలన్నారు గనక, ఎవరూ చేరలేనంత దూరంలో పెట్టాను.

జులై అంతా ఫిర్యాదు అలాగే తెరిచి ఉండిపోయింది. లింబాద్రి బదులు ఇంకెవరో ఫోన్ చేశారు, గీజర్ బాగానే ఉందన్నారు. అత్తయ్య చెయ్యి మానింది, చర్మం మాత్రం గులాబీ రంగులో పల్చగా మిగిలింది. ఇంట్లో లింబాద్రి చెప్పినట్టు బకెట్లు నింపి ఏసీ గదిలో మంచాల కింద పెట్టుకునేవాళ్లం. మా ఆయన రాజేశ్వరితో మాట్లాడారు. ఆగస్టు నెలాఖరుకు అమ్మను చెల్లెలింటికి పంపేద్దాం, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు అన్నారు. నెమ్మదిగా, బాధపడుతూనే అన్నారు.

"రాజేశ్వరి ఏం చేస్తదో నాకు తెలుసు" అన్నారు అత్తయ్య నాతో. "వరండాలో కుర్చీ ఏసి, కూచో అమ్మా అంటది. మంచిదే, పాపం. కూచోడానికి నాకేమైందమ్మా?"

"ఏమీ కాలేదు అత్తయ్యా" అన్నాను. అదీ నా తయారీ జవాబుల్లో ఒకటే. వింటున్న మనిషికి ఊరట, చెప్పే మనిషికి ఏ బరువూ ఉండదు.

ఆగస్టు మొదటి ఆదివారం పొద్దున, ఇక్కడ ఆదివారం పనిదినమే, నేను ఆఫీసుకు తయారవుతున్నాను. అత్తయ్య వంటింటి సింకు ముందు నిలబడి ఉన్నారు. చేతిలో ఎంగిలి గ్లాసు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో తెలియదు.

"అమ్మాయ్" అన్నారు, నావైపు తిరగకుండా. "ఈ కుళాయి తిప్పొచ్చా?"

"ఏది అత్తయ్యా?"

"ఏదైతే ఏంటి. తిప్పొచ్చా అని."

తిప్పండి అన్నాను. తిప్పలేదు. గ్లాసు అక్కడే పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. తుడుచుకోవడానికి ఆ చేతులకు తడేమీ లేదు.

నేను వ్యాన్ ఎక్కాను. కొండలు నడిచాయి. అడగకుండా నా పోపుడబ్బా సర్దేసే మనిషి, అడగకుండా నా చీరలు ఎండలోంచి తీసి మడతపెట్టే మనిషి, అడగకుండా కరెంటువాళ్లతో స్విచ్చి చోటు మార్పించిన మనిషి అనుమతి అడిగారు. ఆవిడతో తొమ్మిదేళ్లుగా ఆ అడగకపోవడం మీదే లోలోపల పోట్లాడుతున్నాను. అది పోయాక తెలిసింది, ఆ ఇంటికి అది దూలమని.

అమ్మకి మతి కుదురుగా లేదన్న మాట నిరుడు మా ఆయన అని ఉంటే నేను కూడా తల ఊపేదాన్నేమో. ఆ మాట పుట్టిన చోటు తెలియదు గనక. ఇప్పుడు తెలుసు. ఆవిడ మతి సడలలేదు. మేమే ఆవిడ మతిలో ఒక గడి పెట్టాం.

‘పరిష్కారమైందా?’ అన్న ప్రశ్న మూడోసారి ఆ మంగళవారం పదకొండూ నలభైకి వచ్చింది. గురువారం పదకొండూ నలభైకి గడువు. బుధవారం ఇక్బాల్ నా బల్ల దగ్గరికే వచ్చాడు, టీ పట్టుకుని.

"మేడమ్, రేపు మీరేం చేయాల్సిన పని లేదు. అస్సల్ ఏం చేయకండి. ఊరికే ఉండండి, అదే ఖలాస్ అయితది. సిస్టమ్ మీదే కదా, మీకు నేను చెప్పాలా?"

"మూడోసారి ‘నో’ అంటే?"

"అంటే లోపలికి ఇంజనీరు పోవాలె, పేపర్ కావాలె, గీజర్లు అమ్మినోళ్లని అడగాలె, అన్ని బిల్డింగులు చూడాలె. ఎందుకీ గలాటా?" టీ గ్లాసు నా వైపు జరిపాడు. "అది స్టాఫ్ ఫ్లాట్. యాద్ ఉంచుకోండి. బెదిరిస్తున్న అనుకోకండి, దోస్త్ లెక్క చెప్తున్న."

"నేను అలా అనుకోలేదు" అన్నాను. బెదిరింపే అనుకున్నాను. అయితే నన్ను భయపెట్టింది అది కాదు. ‘ఊరికే ఉండండి’ అన్న మాట చెవికి ఎంత హాయిగా తగిలిందో, దానికి భయపడ్డాను. పదకొండేళ్లుగా నేను వేలమందికి చెప్పిన మాట అదే. అంత తియ్యగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

గురువారం సెలవు పెట్టాను. మా ఆయన మీటలు జేబులో వేసుకుని వెళ్లారు. రిషిత స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. పదకొండున్నరకు ఫోన్ తీసుకుని అత్తయ్య కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఏంటమ్మా ఇయ్యాళ ఇంట్లో ఉన్నావు? జ్వరమా?"

"కాదు. మీకొకటి చెప్పాలి." ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాను. "నీళ్లు మారుస్తున్నామని అందరికీ కబురు పంపింది నేను. మీకు చెప్పలేదు. ఆ ప్లంబరు నొక్కాడే, మీ పొరపాటని, ఆ గడి పెట్టింది కూడా నేనే."

 కింద రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు వెనక్కి వెళుతూ కూసింది. అత్తయ్య గులాబీ రంగు చెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నారు.

"అయితే నాకేం కాలేదన్నమాట" అన్నారు.

"లేదు."

"రెండు నెలలమ్మా." గొంతులో ఏడుపు లేదు, పాత పిండిమర నాటి గొంతు వచ్చింది. "రెండు నెలలు నేను నా చేతిని నమ్మలేదు. గ్లాసు పట్టుకుంటే గ్లాసేనా అని చూసుకున్నాను. నీకు తెలిసి కూడా నోరెత్తలేదు."

"ఎత్తలేదు."

"ఎందుకు?"

 తయారుగా ఉన్న జవాబులేవీ సరిపోలేదు. ఆ ఖాళీలో మా ఇద్దరికీ మధ్య మొదటిసారి నిజంగా ఏదో నిలబడింది. అది ప్రేమ అని అనను.

"ఇప్పుడేం చేస్తావ్?" అన్నారు.

ఫోన్ చూపించాను. ‘మీ సమస్య పరిష్కారమైందా?’ నొక్కాను, ‘నో’. గడులు పోయాయి. తెల్లటి జాగా తెరుచుకుంది. మెరుస్తూ చిన్న గీత ఒకటి కొట్టుకుంటోంది. నేను పెట్టిన ఆ జాగాను పదకొండేళ్లలో మొదటిసారి చూస్తున్నాను. అక్కడ ఇంగ్లీషు రాస్తారు, అరబ్బీ రాస్తారు. నేను తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఇంజనీరు ఎవరినైనా పట్టుకుని చదివించుకోనీ. ఒక మనిషిని వెతుక్కోవాలి కదా, వెతుక్కోనీ.

రాసింది పైకి చదివాను. "గీజర్ పాడవలేదు. వాడేవారి పొరపాటు లేదు. వేసవిలో ఇక్కడ ఎర్ర చుక్క కుళాయిలోనే చన్నీళ్లు వస్తాయని ఈ భవనంలో అందరికీ తెలుసు, మాకూ తెలుసు. తెలిసీ నీళ్లు మార్చాం. మా అత్తగారి చెయ్యి కాలింది. ఇలాంటివి ఇంకా పందొమ్మిది ఉన్నాయి. ప్రతి ఇంట్లో చేతికందేలా ఆపే మీట పెట్టాలి. నీళ్లు మారుతున్న ప్రకటన రాసింది, పొరపాటు గడి పెట్టింది నేను. దమయంతి."

అత్తయ్య కళ్లు మూసుకుని విన్నారు, పిండిమరలో బెల్టు శబ్దం అలాగే వినేవారట.

"అత్తగారేంటి?" అన్నారు. "ఊళ్లో అందరికీ అత్తగార్లున్నారు. నా పేరెయ్యి."

వెనక్కి వెళ్లి ‘మా అత్తగారి’ తీసేసి ‘గురవమ్మగారి’ అని రాశాను.

"బెమ్మానికి కూడా వెళ్తదా ఇది?"

"ఆయన ఫోన్‌కీ వెళ్తుంది."

"అయితే పొయ్యి మీటలు కూడా తెమ్మని రాయి."

రాశాను. చివరి వాక్యంగా. పదకొండూ ముప్పై ఎనిమిది అయింది. అత్తయ్య లేచి, నన్ను అడగకుండా, వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పారు. నీళ్ల చప్పుడు వింటూ నేను ‘పంపు’ నొక్కాను.